అరవై వేల పాయింట్లు, తొంభై నిమిషాలు

“అయిదు రాత్రులు మా అతిథిగా ఉండండి” అని పైన పెద్ద అక్షరాలు. వాటి కింద ఆవాలు చల్లినట్టు షరతులు. కృష్ణవేణి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఆ కరపత్రాన్ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, ఒక్క షరతు కూడా వదలకుండా చదివింది. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఆమె తలెత్తేదాకా ఓపిక పట్టాల్సి వచ్చింది.

ఒకరు హెలెన్, వెల్లింగ్టన్‌లోని కోరిమాకో హోటల్‌కి జనరల్ మేనేజరు. రెండోవాడు విజయకుమార్, అదే హోటల్‌కి సెక్యూరిటీ కన్సల్టెంటు. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదులో ఒకే ఆడిట్ కంపెనీలో కృష్ణవేణీ అతనూ పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకోవడం అప్పట్లో ఇద్దరికీ సరదా. ఇప్పుడామె లైసెన్సున్న ప్రైవేటు డిటెక్టివ్, అతను సూటు తొడుక్కున్న కన్సల్టెంటు. సరదా పోయింది గానీ పట్టుకునే అలవాటు మాత్రం ఇద్దరికీ మిగిలింది.

విషయం ఇదీ. మార్చిలో ఈ హోటల్ పేరు మీద కొత్త క్రెడిట్ కార్డు ఒకటి వచ్చింది. కార్డు తీసుకుని తొంభై రోజుల్లో పదిహేను వందల డాలర్లు ఖర్చు పెడితే అరవై వేల పాయింట్లు బోనస్. పన్నెండు వేల పాయింట్లకి ఒక రాత్రి గది. ఉగాది వేడుకలో హోటల్ తరఫున స్టాలు పెట్టి, రిజర్వేషన్స్‌లో పనిచేసే నవీన అనే అమ్మాయి పద్నాలుగు తెలుగు కుటుంబాల చేత ఆ కార్డు తీయించింది. అందరూ ఖర్చు పెట్టారు, అందరికీ బోనస్ పడింది. పడిన రెండు మూడు రోజులకే ఎవరి ఖాతా తెరిచినా సున్నా. ఒక ఇంట్లోవాళ్లు తమ పాయింట్లన్నీ ఒకచోట కలుపుకునే సదుపాయం ఒకటుంది. దాన్ని వాడి, పద్నాలుగు కుటుంబాలనీ నవీన ఇంటివాళ్లుగా రాసేసి, మొత్తం ఎనిమిది లక్షల నలభై వేల పాయింట్లనీ హోటల్ పాయింట్ల క్లబ్‌లో నవీనకున్న ఖాతాకి మళ్లించారు. ఆ పని జరిగింది నవీన లాగిన్‌తోనే.

శుక్రవారం నాడు నవీన లాగిన్ మూసేశారు. ఈరోజు, మంగళవారం సాయంత్రం విచారణ. అందులో తప్పు తేలితే ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగానికే ముడిపెట్టి ఇచ్చిన వీసా దాంతోపాటే పోతుంది. విచారణకి తోడుగా ఒక మనిషిని తెచ్చుకునే హక్కు ఆ పిల్లకుంది. ఆమె కృష్ణవేణిని తెచ్చుకుంది.

కృష్ణవేణి కరపత్రం మడిచి, విచారణ మూడింటికి కదా అని అడిగింది. మొదట మూడే అనుకున్నామనీ, విజయకుమార్‌కి అడ్డంకి ఉంటే నాలుగూ ముప్పయి అయిదుకి జరిపామనీ హెలెన్ చెప్పింది. ఆమె మంచి మనిషిలాగే ఉంది. ఆధారాలన్నీ చూసుకోమంటూ విజయకుమార్ వైపు తలాడించింది. అతను జేబులోంచి చీటీ తీసి దాని మీద ఒక గెస్ట్ లాగిన్, పాస్‌వర్డ్ రాసిచ్చాడు.

“ఊరికే చూడ్డానికే వేణీ. ఏమీ మార్చడానికి కుదరదు,” అన్నాడు తెలుగులో, చిన్నపిల్లకి చాక్లెట్ ఇచ్చినట్టు.

“మార్చడం నా పని కాదులే,” అంది కృష్ణవేణి. అప్పటికి సమయం పదకొండూ పది.

నవీన స్టాఫ్ రూములో మైక్రోవేవ్ పక్కన కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్లుంటాయి. హన్మకొండ పిల్ల. తండ్రి చర్చిలో కీబోర్డు వాయిస్తాడట. డబ్బా మూత తీసి పెట్టుకుంది గానీ అన్నం ముట్టలేదు. కృష్ణవేణి ఓదార్చే రకం కాదు. ఎదుటి మనిషి ఏడుపు ముఖంతో ఉంటే ఆమెకి ప్రశ్నలే ఎక్కువ వస్తాయి, అదొక జబ్బు. స్టాలు దగ్గర ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పించుకుంది. టాబ్లెట్‌లో ఫారం ఎవరిది వాళ్లే నింపుకున్నారట. నవీన పక్కన నిలబడి, తన ద్వారా చేరినట్టు తెలిపే రిఫరల్ నంబరు మాత్రం చెప్పిందట.

పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చావా అని అడిగితే లేదంది. ఏప్రిల్‌లో ఒకసారి లాగిన్ పనిచేయకపోతే సెక్యూరిటీ వాళ్లే కొత్తది పెట్టిచ్చారంది.

“సెక్యూరిటీ వాళ్లంటే?”

“విజయ్ సారే ఆంటీ. ఆయనొక్కడే ఉంటడు గదా.”

కృష్ణవేణి ఆ మాట రాసుకుంది. పాస్‌వర్డు పెట్టిచ్చినంత మాత్రాన ఎవరూ దొంగ అయిపోరు, అది అతని ఉద్యోగం.

“నీ ఖాతాలో ఎనిమిది లక్షల పాయింట్లుంటే నువ్వు చూసుకోలేదా?”

“స్టాఫ్‌కు ఆ ఖాతా ఫ్రీగ ఇస్తరు ఆంటీ. ఒక్కసారి గూడ తెరవలే నేను. నేను ఈ హోటల్ల రాత్రి పండుకునుడేంది, ఇంటికి పోతె చాలనిపిస్తది.” నవీన డబ్బా మూత పెట్టేసింది. “రెసిడెన్సీ ఫైలు ఆఫీసర్ చేతికి పోయిందని మొన్ననే మెయిల్ వచ్చింది. గిప్పుడు జాబ్ పోయిందంటే నా పని ఖతం.”

అబద్ధం చెప్పేవాళ్లు సాధారణంగా తమకి పనికొచ్చే సంగతులు చెబుతారు. ఈ పిల్ల తన మెడకి చుట్టుకునే సంగతులే చెబుతోంది. అయినా కృష్ణవేణికి నమ్మకం కంటే కుతూహలమే ముందు. ఆమెని పొద్దున్నుంచీ తొలుస్తున్నది ఒకటే ప్రశ్న. హోటల్ పాయింట్లు దొంగిలించి ఎవరైనా ఏం చేసుకుంటారు? వాటితో కూరగాయలు రావు, అద్దె కట్టలేరు. మారు పేరుతో డెబ్బయి రాత్రులు హోటల్లో పడుకునేంత నిద్ర ఎవరికుంది?

దీనికి జవాబు చెప్పగలవాడు వెల్లింగ్టన్ తెలుగువాళ్లలో ఒకడే ఉన్నాడు. అతనూ ఆ పద్నాలుగు మందిలో ఒకడు.

సుబ్బారావు గారు కాకినాడలో ఇన్సూరెన్సు ఆఫీసులో రిటైరై, ఊరి శివారు జాన్సన్‌విల్‌లో కూతురి దగ్గరుంటున్నాడు. డెబ్బయి దాటాయి. ఊళ్లో ఎవరికి ఏ కార్డు ఆఫరు వచ్చినా ముందు ఆయన చేతిలో పడాల్సిందే. ఆయన దానికి మార్కులు వేస్తాడు. నూటికి నలభై దాటిన ఆఫరు ఇప్పటిదాకా మూడంటే మూడు. మార్కులన్నీ గీతల నోటుబుక్కులో, ఎర్ర సిరాతో ఉంటాయి. కృష్ణవేణి రైలు దిగి వెళ్లేసరికి ఒకటీ యాభై అయింది. ఆయన ఆ పుస్తకం ముందే తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.

కోరిమాకో కార్డుకి ఆయన వేసిన మార్కులు ముప్పయి ఆరు. దాన్ని కొట్టేసి, పక్కన ఎనభై ఒకటి వేశాడు. ఎందుకు దిద్దారని కృష్ణవేణి అడిగింది.

“అలా అడిగావు, బావుంది,” అన్నాడు సుబ్బారావు, పరీక్షలో సరైన ప్రశ్న పడ్డ కుర్రాడిలా సర్దుకుని కూర్చుంటూ. “అందరూ బోనసు ఎంతా అని అడుగుతారమ్మా. అది కాదు అడగాల్సింది. ఎప్పుడు వాడుకోవాలీ అని అడగాలి.”

లెక్క ఆయన నోటితోనే చెప్పాడు. మామూలు రోజుల్లో ఆ హోటల్ గది నూట ఎనభై డాలర్లు. అయిదు రాత్రులకి తొమ్మిది వందలు. కార్డు సంవత్సరం ఫీజు నూట తొంభై అయిదు తీసేస్తే మిగిలేది ఏడు వందల పైచిల్లర. దానికోసం పదిహేను వందలు హడావుడిగా ఖర్చు పెట్టాలి, ఆ ఖర్చు ఎలాగూ ఉన్న ఇంటికి పరవాలేదు, లేని ఇంటికి దండగ. అందుకని ముప్పయి ఆరు మార్కులు. కానీ ఏడో షరతులో ఒక మాటుంది. గది ధర ఎంతున్నా పాయింట్లలో రేటు మారదు. ఏ రోజైనా పన్నెండు వేలే.

“జూలై ఒకటో తారీకున ఇక్కడ బ్రిటన్ జట్టు లయన్స్‌తో రగ్బీ మ్యాచి. ఆ వారం అదే గది ఆరు వందల యాభై. అదీ దొరకదు. బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లు కార్లలో పడుకోవడానికి కూడా సిద్ధపడుతున్నారని మా అల్లుడు చెబుతున్నాడు. పాయింట్లతో బుక్ చేసుకునే గదులు హోటల్ నలభై అయిదు రోజుల ముందు వదులుతుంది. అంటే రేపు పొద్దున తొమ్మిదింటికి.”

కృష్ణవేణి పెన్సిలు ఆగింది. పద్నాలుగు బోనసులు, డెబ్బయి రాత్రులు. ఒక్కొక్కటీ ఆరు వందల యాభైకి ఇంకొకరికి అమ్మితే నలభై అయిదు వేల డాలర్లు. పొద్దున్నుంచీ తొలిచిన ప్రశ్నకి జవాబు ముప్పయి ఆరు పక్కన ఎర్ర సిరాతో కూర్చుని ఉంది. ఆమెకి చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ సంతోషంలో ఆయన భార్య పెట్టిన జంతికలు నాలుగు తినేసింది.

నవీన ఏప్రిల్‌లోనే ఇదంతా ఊహించిందా? ఈ లెక్క తెలియాలంటే హోటల్ ధరలు ముందుగా చూడగలగాలి, ఏడో షరతు తెలియాలి. రిజర్వేషన్స్‌లో పనిచేసే పిల్లకి రెండూ తెలుసు. దీనివల్ల నవీనకి ఒరిగిందేమీ లేదు, పైగా ఉచ్చు ఇంకాస్త బిగిసింది.

ఆమె లేవబోయేసరికి మూడు కొట్టింది. సుబ్బారావు భార్య కోటేశ్వరమ్మ వంటింట్లోంచి వచ్చి గోడ క్యాలెండరు వైపు చూపించింది. “మూడైందమ్మా, రాహుకాలం. నాలుగున్నర దాకా కూర్చుని టీ తాగి వెళ్లు.”

“విజయవాడలో అచ్చేసిన క్యాలెండరమ్మా అది,” అన్నాడు సుబ్బారావు. “అక్కడి సూర్యుడి లెక్క. ఇక్కడ మే నెలలో సూర్యుడు ఏడు దాటాకే లేస్తాడు. లెక్క ప్రకారం రాహుకాలం కూడా జరగాలి. చెబితే వినదు, గోడ మీద ఏం రాసుంటే అదే.”

“గోడ మీదున్నది పెద్దలు రాసింది,” అంది కోటేశ్వరమ్మ. కృష్ణవేణి నవ్వి, రైలుకి ఆ పట్టింపు లేదని చెప్పి బయటపడింది.

హోటల్ లాబీలో అడుగు పెట్టేసరికి మూడూ ముప్పయి ఆరు. ఉగాదికి వాడిన టాబ్లెట్ ఇప్పుడు రిసెప్షన్ పక్కన స్టాండు మీద ఉంది. దాని ముందు ఎవరూ లేరు. కృష్ణవేణి ఏ ఆఫరునీ చదివి వదిలేయగల మనిషి కాదు. ఆ ఫారం ఏం అడుగుతుందో తెలియాలంటే నింపడమే మార్గం. పేరు, చిరునామా, పుట్టిన తేదీ. కార్డు సంగతి బ్యాంకు తేల్చడానికి వారం పడుతుందట గానీ క్లబ్ సభ్యత్వం నంబరు అక్కడికక్కడే వచ్చింది. మూడూ నలభై ఒకటి.

ఆమెకి కావలసింది ఫారంలో లేకపోవడంలోనే ఉంది. కుటుంబంలో ఎవరితోనైనా కలపాలా అన్న ప్రశ్న ఆ ఫారంలో ఎక్కడా లేదు. అంటే స్టాలు దగ్గర నవీన ఎవరినీ తన ఇంటివాళ్లుగా రాయలేదు, రాయడానికి వీలు కూడా లేదు. ఆ పని తర్వాత ఎవరో లోపల కూర్చుని చేశారు.

తను అప్లై చేసిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

రిసెప్షన్ వెనకాల సెక్యూరిటీ గది ఉంది. విజయకుమార్ లేడు. కృష్ణవేణి కంప్యూటర్ ముందు కూర్చుని, చీటీ మీదున్న లాగిన్‌తో లోపలికి వెళ్లి, నవీన పేరు మీదున్న చిట్టా తెరిచింది. ప్రతి వరసలోనూ రెండు సమయాలు. లోపలికి ఎప్పుడొచ్చారు, పని ఎప్పుడు చేశారు. పద్నాలుగు మళ్లింపుల్లో పదకొండు సాఫీగా ఉన్నాయి. లోపలికొచ్చిన నిమిషంలో పని, మరుసటి నిమిషంలో బయటికి. మిగిలిన మూడు వేరు.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది శుక్రవారం. లోపలికి పదీ ముప్పయి రెండు, పని పన్నెండూ ఒకటి.

మే నాలుగు గురువారం. లోపలికి ఒకటీ ముప్పయి అయిదు, పని మూడూ రెండు.

మే తొమ్మిది మంగళవారం. లోపలికి రెండూ యాభై తొమ్మిది, పని నాలుగూ ముప్పయి ఒకటి.

కృష్ణవేణి వాటి వంక చూస్తూ ఉండిపోయింది. దొంగ పని చేయబోయేవాడు తలుపు తీసి గంటన్నర గుమ్మంలో నిలబడతాడా? మధ్యలో ఏం చేశాడా అని చూసింది. అయిదు నిమిషాలు కదలకపోతే ఈ కంప్యూటరు బయటికి నెట్టేస్తుంది. అందుకని ప్రతి నాలుగు నిమిషాలకీ అదే పేజీని మళ్లీ తెరిచాడు. మళ్లీ, మళ్లీ. పని లేక కాదు. ఏదో దాటాలని ఎదురుచూశాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఎదురుగా గోడ మీద, ఇండియన్ కిరాణా కొట్టువాడు ఉచితంగా ఇచ్చిన తెలుగు క్యాలెండరు. విజయవాడలో అచ్చయినదే. మే నెల కాగితం అడుగున చిన్న గడులు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర.

అప్పుడు ఇరవై ఏళ్ల నాటి హైదరాబాదు ఆఫీసు గుర్తొచ్చింది. ఒక సోమవారం ఉదయం ఢిల్లీ వెళ్లాల్సిన రిపోర్టు మీద సంతకం పెట్టకుండా, తొమ్మిది దాటాలని కుర్చీలో బిగదీసుకుని కూర్చున్న కుర్రాడు. కింద మెట్ల దగ్గర తిట్టుకుంటూ తిరిగిన కొరియర్ వాడు. ఆఫీసంతా నవ్వింది. ఆ కుర్రాడు నవ్వలేదు. రాహుకాలంలో సంతకం పెట్టనుగాక పెట్టనని అన్నాడు.

ఈ సాయంత్రం విచారణ మూడింటి నుంచి నాలుగూ ముప్పయి అయిదుకి ఎందుకు జరిగిందో కూడా ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఆమెకి విజయ్ అంటే కోపమే గానీ, దొంగ అనుకోవాలని ఎన్నడూ లేదు.

“దొరికిందా ఏమైనా?” విజయకుమార్ గుమ్మంలో ఉన్నాడు. నాలుగూ పన్నెండు.

“దొరికింది. ఈ చిట్టా చూశావా నువ్వు?”

“తీసిందే నేను. నవీన లాగిన్, నవీన ఖాతా, నవీన రిఫరల్. ఇంకేం కావాలి నీకు?”

“మూడుసార్లు గంటన్నర చొప్పున ఖాళీగా కూర్చుంది. ఎందుకంటావు?”

“రిసెప్షన్లో జనం ఉండి ఉంటారు.”

“జనం మూడుసార్లూ గంటన్నరకి మూడు నిమిషాలు కూడా తేడా లేకుండా వెళ్లిపోతారా?”

కృష్ణవేణి చిట్టా ప్రింటు తీసి బల్ల మీద పెట్టి, పెన్ను అతని చేతికిచ్చింది. ఇది నువ్వు తీసిన కాపీయేనని సంతకం పెట్టు, విచారణలో చూపించాలి అంది. మామూలు మాట. ఎవరైనా అడిగేదే. విజయకుమార్ పెన్ను అందుకున్నాడు, మూత తీశాడు, కాగితం మీదికి వంగాడు. వంగినవాడు మణికట్టు వైపు చూసుకున్నాడు. మూత మళ్లీ పెట్టేశాడు.

“మీటింగ్‌లో పెడతాను.”

“రెండు సెకన్ల పని.”

“అన్నీ అక్కడే పెడతానన్నాను కదా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె ఎందుకు అడిగిందో అతనికి తెలిసింది. అతనికి తెలిసినట్టు ఆమెకి తెలిసింది. ఇరవై ఏళ్లు పక్కన పెడితే వాళ్లు మళ్లీ ఆ పక్కపక్క బల్లల దగ్గరే ఉన్నారు.

“నువ్వు మారలేదు విజయ్,” అంది కృష్ణవేణి.

“నువ్వూ అంతే. చేతికి దొరికింది చూస్తావు గానీ చెయ్యి ఎక్కడ పెట్టావో చూసుకోవు.” అతను క్యాలెండరు వైపు ఒకసారి చూసి, పెన్ను బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ మాట అప్పుడామెకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు. విచారణకి ఇరవై నిమిషాలే ఉంది. నవీన తన సొంత పనులు చేసిన రోజుల చిట్టా కూడా తీసి, రాహుకాలంలో ఆ పిల్ల ఎన్ని బుకింగులు చేసిందో లెక్కపెట్టింది. నలభై మూడు. దేవుడు వేరే, పట్టింపు లేదు. అది కూడా ప్రింటు తీసింది. ప్రింటరులో కాగితం అయిపోతే నింపింది. ఆ గదిలో ఆమె ఒక్కతే ఉంది. కాగితాలు సర్దుకుని లేచేసరికి నాలుగూ ముప్పయి మూడు.

విచారణ గదిలో హెలెన్, ఆమెకి ఎదురుగా నవీన. నవీన ఉద్యోగపు పాస్ బల్ల మధ్యలో పడి ఉంది. ఒక నిమిషం తర్వాత విజయకుమార్ వచ్చి కూర్చున్నాడు. జేబులోంచి సొంత పెన్ను తీసి, అడగకుండానే ప్రింటు మీద సంతకం పెట్టాడు.

కృష్ణవేణి ముందు లెక్క చెప్పింది. లయన్స్ వారం, ఏడో షరతు, రేపటి తొమ్మిది గంటలు. హెలెన్ ముందుకి వంగి విన్నది. తర్వాత మూడు ఎదురుచూపులూ చూపించింది. హెలెన్ ముఖంలో ఆసక్తి కనిపించింది. తర్వాత రాహుకాలం గురించి చెప్పాల్సి వచ్చింది. తెలుగులో ఒక్క మాటతో సరిపోయేది ఇంగ్లీషులో ఎంత చెప్పినా జోస్యంలాగే వినపడింది. ప్రతిరోజూ తొంభై నిమిషాలు కొందరు ఏ పనీ మొదలుపెట్టరు అంటుంటే తన చెవికే అది ఎబ్బెట్టుగా తోచింది. విజయకుమార్ నవ్వి, ఈవిడ క్యాలెండరు చూపించి మనిషిని దొంగని చేస్తోంది, ఇది హోటలా గుడా అన్నాడు.

హెలెన్ ఏదో అనబోయేసరికి ఆమె లాప్‌టాప్ మోగింది. తెరిచి చూసింది. తర్వాత దాన్ని అందరికీ కనిపించేలా తిప్పింది.

నవీన ఖాతాలో సున్నా ఉంది. ఎనిమిది లక్షల నలభై వేల పాయింట్లూ నాలుగూ ముప్పయి ఒకటికి ఇంకో సభ్యురాలి ఖాతాకి వెళ్లిపోయాయి. ఆ సభ్యురాలి పేరు కృష్ణవేణి. మళ్లించింది సెక్యూరిటీ గదిలోని కంప్యూటర్ నుంచి, పొద్దున ఇచ్చిన గెస్ట్ లాగిన్‌తో.

చూడ్డానికి మాత్రమే అని రాసిచ్చిన లాగిన్. ఇచ్చినవాడు దాని హక్కులు ఎప్పుడైనా మార్చగలడు, ఎక్కడి నుంచైనా ఆ కంప్యూటర్ పేరుతోనే వాడగలడు. డెబ్బయి రాత్రుల సొమ్ము వదిలేసుకున్నాడు, తను బయటపడ్డానికి. చెయ్యి ఎక్కడ పెట్టావో చూసుకోవు అంటే ఇదన్నమాట. కృష్ణవేణి నోరు తెరిచింది గానీ ఆ గదిలో ఆ సమయంలో తన పక్కన ఉన్నది ప్రింటరు ఒక్కటే అని గుర్తొచ్చి మూసుకుంది.

హెలెన్ నవీన వైపు తిరిగింది. నాలుగుంబావు నుంచీ నువ్వు నా ఎదురుగానే ఉన్నావు, నీ లాగిన్ శుక్రవారం నుంచీ లేదు, కాబట్టి ఇది నువ్వు చేసింది కాదు, మొదటి నుంచీ నీ ఖాతాని ఇంకెవరో వాడుకుంటున్నారు అంది. బల్ల మీది పాస్ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది, క్షమించమని కూడా అంది. తర్వాత కృష్ణవేణి డిటెక్టివ్ లైసెన్సు కార్డు అడిగి తీసుకుని, పోలీసులు వచ్చేదాకా ఈ గదిలోంచి కదలొద్దని చెప్పి, ఫోను అందుకుంది.

నవీన పాస్ పట్టీ విప్పి మెడలో వేసుకోబోతోంది. వచ్చిన పని అయినట్టే. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది, వీసా నిలబడింది. కృష్ణవేణికి దాని మీద సంతోషం కలిగింది, భయం కూడా కలిగింది, రెండూ ఒకేసారి.

విజయకుమార్ ఆమె వైపు వంగాడు. హెలెన్‌కి అర్థం కాని భాషలో, తాపీగా అన్నాడు.

“మూడూ నలభై ఒకటికి, సరిగ్గా రాహుకాలంలో అప్లై చేశావు వేణీ. ఎలా కలిసొస్తుంది?”

తెర మీద ఆమె పేరుంది, నంబరుంది, పాయింట్లున్నాయి. ఎన్ని గంటలకి సభ్యురాలైందో లేదు. ఆ సమయం తెలియాలంటే ఎవరో ఈ గదిలోకి రాకముందే ఆమె ఖాతా లోపలికి వెళ్లి చూసి ఉండాలి. రోజుకి వంద ఖాతాలు తెరిచే పిల్లకి ఆ తెర మీద ఏముంటుందో, ఏముండదో కొత్తగా చెప్పనక్కర్లేదు.

నవీన చేతులు మెడ దగ్గరే ఆగిపోయాయి. కృష్ణవేణి ఆమె వంక చూడలేదు. అడగడం ఇష్టం లేక చూడలేదు. ఇప్పుడే తిరిగొచ్చిన ఉద్యోగం అది. నోరు మూసుకుని ఇంటికి వెళ్తే ఆ పిల్లని ఎవరూ ఏమీ అనరు.

నవీన పాస్‌ని మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

“హెలెన్, ఫోన్ ఒక్క నిమిషం ఆపండి,” అంది ఇంగ్లీషులో. “ఇప్పుడు విజయ్ సార్ తెలుగులో ఒక మాటన్నారు. అది మీకు చెప్పాలి.”

ఆ రోజంతటిలో మొదటిసారి విజయకుమార్ గడియారం చూసుకోలేదు.